పథ్యం పేరుతో అమ్మను పస్తు పెట్టిన పంతొమ్మిది రోజులు

పేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన అమ్మను డిశ్చార్జి చేయించుకొని వరంగల్ తీసుకువచ్చిన సాయంత్రమే మా పెద్దమ్మ వంటగది గుమ్మంలో నిలబడి, ఇక మీదట ఆ పొయ్యి మీదికి ఎక్కకూడని వాటిని ఒక్కొక్కటిగా చెప్పింది. పప్పు పెడితే కుట్లకు చీము పడుతుంది, పెరుగు చలువ చేస్తుంది, గుడ్డు వేడి చేస్తుంది, వంకాయ దురద పుట్టిస్తుంది, కోడి, చేపల మాట ఆరు నెలల దాకా ఎత్తనే కూడదు. మిగిలినవి బీరకాయ, సొరకాయ, పలుచని చారు, నూనె లేని ఇడ్లీ, పాలలో ముంచిన రొట్టె. ఆ మాటల వెనుక ఉన్నది ప్రేమే కనుక ఎవరమూ ఎదురు చెప్పలేదు. నేను కూడా, నాలుగు అక్షరాలు చదువుకున్నవాణ్ణే అయినా, ఆసుపత్రివారు చేతికిచ్చిన ఆహార పట్టికను ఫైలులో మడిచి పెట్టి పెద్దమ్మ చెప్పినట్టే చేశాను. ఆ పంతొమ్మిది రోజులు మేము చేసిన పొరపాటు ఏమిటో తర్వాత లెక్క వేసి చూసుకున్నప్పుడు తెలిసింది. ఇలాంటి శస్త్రచికిత్స తర్వాత మనిషిని ఇంటికి తెచ్చుకునే మరొక కుటుంబానికి పనికివస్తుందని ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

అమ్మకు వచ్చింది పురీషనాళపు క్యాన్సర్, అంటే పెద్దపేగు చివరి భాగానిది. ఐదున్నర వారాల రేడియేషన్, దానితో పాటు కీమో మాత్రలు, ఆ తర్వాత కొంత విరామం ఇచ్చి శస్త్రచికిత్స. గడ్డ ఉన్న భాగాన్ని తీసివేసి మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టారు. ఆ కుట్టు కుదురుకునే దాకా మలం అటు వెళ్లకుండా, చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట మీదికి తెచ్చి తాత్కాలికంగా ఒక ద్వారం ఏర్పాటు చేశారు. దానిని ఇలియోస్టమీ అంటారు. దానికి అతికించే సంచిని మా ఇంట్లో అందరమూ బ్యాగు అనే అనేవాళ్లం. జబ్బు బయటపడక ముందు అమ్మ బరువు 60 కిలోలు. శస్త్రచికిత్స నాటికి 55. తగ్గిన ఆ ఐదు కిలోలను చూసి బంధువులు కొందరు మోకాళ్ల నొప్పులకు మంచిదే అన్నారు. క్యాన్సర్ ఉన్న మనిషిలో కోరకుండా తగ్గే బరువు కొవ్వు ఒక్కటే కాదు, దానితో పాటు కండ కూడా కరిగిపోతుందనీ, ఆరు నెలల్లో పది శాతానికి మించి బరువు తగ్గిన వారికి వీలుంటే శస్త్రచికిత్సను ఒకటి రెండు వారాలు ఆపి అయినా ముందు పోషణ అందించాలని యూరప్‌కు చెందిన క్లినికల్ న్యూట్రిషన్ నిపుణుల సంఘం తన మార్గదర్శకాల్లో చెబుతుందనీ నాకు అప్పటికి తెలియదు.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు నిజానికి అంతా సవ్యంగానే జరిగింది. శస్త్రచికిత్స జరిగిన సాయంత్రమే గుటక గుటకగా నీళ్లు, మరునాడు మెత్తని ఇడ్లీ ఇచ్చారు. పేగు కోసి కుట్టిన మనిషికి తెల్లారేసరికి ఇడ్లీ ఏమిటని మా వాళ్లు కంగారుపడ్డారు, ఎందుకంటే మా తాతగారి కాలంలో కడుపు ఆపరేషన్ అయితే గాలి పోయిందని చెప్పేదాకా నోట్లో చుక్క పోసేవారు కాదు. ఆ పాత పద్ధతిని ప్రశ్నించినవారిలో ముఖ్యుడు హెన్రిక్ కెలెట్ అనే డెన్మార్క్ సర్జన్. ఆయన 1990లలో, శస్త్రచికిత్సకు ముందు గంటల తరబడి కడుపు మాడ్చడం, తర్వాత రోజుల తరబడి సెలైన్ మీదే ఉంచడం వంటి అలవాట్లు కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తున్నాయని చూపి, తొందరగా తినిపించడం, తొందరగా నడిపించడం, నొప్పిని మార్ఫిన్ వంటి మత్తుమందుల మీద ఎక్కువగా ఆధారపడకుండా తగ్గించడం అనే మూడింటినీ కలిపి ఒక పద్ధతిగా మలిచాడు. ఈనాడు పెద్దపేగు శస్త్రచికిత్సలు చేసే చాలాచోట్ల ఆ దారినే నడుస్తున్నారు. మత్తు ఇవ్వడానికి ఆరు గంటల ముందు వరకు తేలికపాటి ఆహారం, సాధారణంగా రెండు గంటల ముందు వరకు తేటగా ఉండే పానీయం తీసుకోవచ్చన్నది అందులో భాగమే. కుట్టు పడిన పేగుకు విశ్రాంతి కావాలనుకోవడం సహజమే గానీ, పేగు లోపలి పొరకు పోషణలో కొంత భాగం నేరుగా లోపలినుంచి వెళ్లే ఆహారం ద్వారానే అందుతుంది. పస్తు దానికి విశ్రాంతి కాదు.

అక్కడ అలా మొదలైన తిండి ఇంటికి రాగానే ఆగిపోయింది. ఆ రోజుల్లో అమ్మ తిన్నదాన్ని గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టి, జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల విలువల పట్టికను పక్కన పెట్టుకొని ఒక సాయంత్రం కూర్చున్నాను. ఈ సంస్థ మన హైదరాబాదు తార్నాకలోనే ఉన్నది. 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఉదయం రెండు ఇడ్లీలు, పూటకు ఒక కప్పు చొప్పున రెండు పూటలా మెత్తని అన్నంలో చారు, బీరకాయ కూర, సాయంత్రం చిన్న గ్లాసు పాలలో రెండు రొట్టె ముక్కలు. అన్నీ కలిపినా మాంసకృత్తులు 22 గ్రాములు దాటలేదు. శస్త్రచికిత్స నుంచి కోలుకునే మనిషికి రోజుకు, శరీర బరువులో కిలో ఒక్కింటికి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు, 25 నుంచి 30 కేలరీల శక్తి కావాలని వైద్యులు లెక్క కడతారు. యాభై కిలోల మనిషికి అది 60 నుంచి 75 గ్రాములు, 1250 నుంచి 1500 కేలరీలు. అంటే కావలసినదానిలో మూడో వంతు పెట్టి, మిగిలిన రెండు వంతులను ఆమె కండలనుంచే తీసుకోమని ఆమె శరీరానికి మేమే చెప్పినట్టయింది. గాయం మానడానికి కొత్త కణజాలం కావాలి, దానికి ముడిసరుకు మాంసకృత్తులే. చీము పడుతుందని మేము ఏ పప్పునైతే మానిపించామో, గాయం మాననీయకుండా చేసేది ఆ పప్పు లేకపోవడమే. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. కందిపప్పుకు దానితో ఏ సంబంధమూ లేదు.

అయితే అమ్మను మళ్లీ ఆసుపత్రికి తీసుకువెళ్లేలా చేసింది పప్పు లేకపోవడం కాదు, ఉప్పు లేకపోవడం. ఇది కొంచెం వివరంగా చెప్పవలసిన సంగతి, ఎందుకంటే ఇలియోస్టమీ ఉన్నవారి ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే.

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో చిన్నపేగు దాటి పెద్దపేగులోకి రోజుకు సుమారు లీటరున్నర ద్రవం చేరుతుంది. పెద్దపేగు దానిలోని నీటినీ ఉప్పునూ దాదాపు పూర్తిగా పీల్చుకొని, ఒకటి రెండు వందల మిల్లీలీటర్లు మాత్రమే బయటికి పంపుతుంది. దారి మళ్లించి చిన్నపేగునే పొట్ట మీదికి తెచ్చినప్పుడు ఆ పీల్చుకునే పని చేసేవారు లేరు. మొదటి వారాల్లో సంచిలో పడే ప్రతి లీటరులోనూ దాదాపు ఒక చెంచాడు ఉప్పు పోతుంది. కొన్ని వారాలకు చిన్నపేగు కొంత అలవాటుపడి, రోజుకు 600 నుంచి 800 మిల్లీలీటర్ల దగ్గర స్థిమితపడుతుంది. లీటరున్నర దాటితే జాగ్రత్తపడాలి. అమ్మకు పద్నాలుగో రోజునుంచి సంచి గంటకోసారి నిండడం మొదలైంది. నీరు పోతోంది కదా అని మేము నీళ్లు తాగించాం, కొబ్బరినీళ్లు తాగించాం, ఉప్పు వేయని రాగిజావ పలుచగా కాచి తాగించాం. ఎంత తాగిస్తే అంత పోయింది. ఉప్పు లేని నీరు ఎక్కువగా లోపలికి వెళ్లినప్పుడు పేగు గోడల్లోని సోడియం, అంటే ఉప్పులో ముఖ్యమైన భాగం, ఆ నీటిలోకి దిగుతుంది, దానితో పాటు మరికొంత నీరు బయటికి పోతుంది. దాహం వేసినవారికి నీళ్లు ఇవ్వడమే కీడు చేసే పరిస్థితి ఒకటుంటుందని అంతకుముందు ఎవరైనా చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు.

కొబ్బరినీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర రోగిని చూడటానికి వచ్చే ప్రతి ఒక్కరి చేతిలోనూ రెండు బోండాలుంటాయి. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం చాలా తక్కువ. ఇలియోస్టమీ ఉన్నవారు కోల్పోయేది ప్రధానంగా సోడియం. పైగా నీరు తగ్గి మూత్రపిండాలు మందగించిన సమయంలో పొటాషియం ఎక్కువైతే అదొక ప్రమాదం. ఇంకొక తప్పు మందుల దుకాణంలో జరిగింది. ఓఆర్‌ఎస్ అడిగితే కాగితపు డబ్బాలో తియ్యని పానీయం ఇచ్చారు, డబ్బా మీద ఆ మూడు అక్షరాలు పెద్దగా ఉన్నాయి కనుక నేనూ మాట్లాడకుండా తెచ్చాను. చక్కెర మోతాదు మించిన పానీయం పేగులోకి నీటిని లాగి, పోయేదాన్ని ఇంకా పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఇలాంటి డబ్బాల మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. మాకు ఆ ఆదేశం కాస్త ఆలస్యంగా వచ్చింది. అసలైన పొడి పొట్లంలో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. పొట్లం వెనుక ఈ అంకెలు చూసుకుంటే మోసపోయే అవకాశం లేదు.

పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున అమ్మ పిక్కలు పట్టేసి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడబోయింది. అంతకు ముందురోజు మధ్యాహ్నంనుంచి మూత్రం దాదాపు లేదు. ఆసుపత్రిలో కొలిస్తే ఇరవై నాలుగు గంటల్లో సంచిలోకి పోయినది 2200 మిల్లీలీటర్లు, బరువు 50 కిలోలు, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉన్నది. సెలైన్ ఎక్కించారు. అమ్మ ఎన్నో ఏళ్లుగా వేసుకుంటున్న బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కూడా ఉండటంతో దానిని ఆపారు. పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్రను భోజనానికి అరగంట ముందు వేసుకోమన్నారు. ఉత్త నీరు, టీ, కాఫీ అన్నీ కలిపి రోజుకు లీటరు దాటకూడదు, ఇంకొక లీటరు ఓఆర్‌ఎస్ రోజంతా కొద్దికొద్దిగా చప్పరించాలి అన్నారు. ఉప్పు తగ్గించమని పదిహేనేళ్లుగా వింటున్న మనిషికి, అన్నంలో ఉప్పు ఇంకాస్త వేసుకోండమ్మా అని డైటీషియన్ చెప్పినప్పుడు అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తున్నది, ఆమెను ఎవరో మోసం చేస్తున్నారన్నట్టుగా.

ఆ డైటీషియన్ చాలా చిన్న వయసు అమ్మాయి. మేము పాటించిన పథ్యమంతా ఓపికగా విని, దేనినీ వెక్కిరించకుండా, మా వంటింటిలోని పదార్థాలతోనే కొత్త పట్టిక తయారుచేసింది. బియ్యపు గంజిలో ఉప్పు వేసి, చిలికి వెన్న తీసిన మజ్జిగ కలిపి ఇవ్వమన్నది. మన పల్లెల్లో పొలానికి వెళ్లేవారు పొద్దున్నే తాగి వెళ్లే ద్రవం అదే, ఇలియోస్టమీకి అది ఏ టానిక్కు కన్నా తీసిపోదు. సంచిలో పడేది మరీ పలుచగా ఉంటే అరటిపండు, సగ్గుబియ్యం, బంగాళాదుంప, మెత్తని తెల్ల అన్నం గట్టిపరుస్తాయి. మాంసకృత్తులకు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున ఉడికించిన గుడ్లు, రోజుకు అర లీటరు పాలూ పెరుగూ కలిపి, పొట్టు తీసిన పెసరపప్పు గుప్పెడు, వంద గ్రాముల చేప లేదా మెత్తగా ఉడికిన కోడి. ఇవన్నీ అన్నంతో కలిపితే 70 గ్రాములు దాటుతుంది. మూడు పూటలు కాక ఆరుసార్లు, కొద్దికొద్దిగా. ఖరీదైన ప్రోటీన్ పొడి కావాలా అని అడిగితే, తినలేకపోతే అప్పుడు చూద్దాం, ముందు గుడ్డు పెట్టండి అన్నది. డబ్బా వెలతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసి చూసి నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది. శాకాహారులైతే గుడ్డు, చేపల స్థానంలో పనీరు, ఇంకొంచెం పప్పు, మెత్తగా ఉడికించి మెదిపిన మీల్‌మేకర్ సరిపోతాయి.

ఏవి వద్దన్నదో కూడా చెప్పాలి, ఎందుకంటే అవి పెద్దమ్మ జాబితాలో లేనివి. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పచ్చికొబ్బరి, మొక్కజొన్న, పుట్టగొడుగులు, వేరుశనగ గింజలు, మునక్కాడల పీచు, పనస తొనలు, కమలాఫలం తొనల పొర, టమాటా తొక్క, తోటకూర కాడలు వద్దు. వాపు పూర్తిగా తగ్గని ఇరుకు ద్వారం దగ్గర ఇవి ఉండకట్టి అడ్డం పడితే, సంచిలోకి ఏమీ రాక కడుపు ఉబ్బి, వాంతులతో మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏది తిన్నా బాగా నమలాలి. ఇదే కారణంతో చిరుధాన్యాలు కూడా వద్దన్నది. ఇది మన రెండు రాష్ట్రాల్లో చెప్పడం కొంచెం సాహసమే. అమ్మకు క్యాన్సర్ అని తెలిసిన వారంలోనే మా ఇంటికి కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఏ ఆకు ఏ వారం మరిగించి తాగాలో రాసిన కాగితమూ చేరాయి. చిరుధాన్యాల మీద నాకు ద్వేషం లేదు, ఇప్పుడు నేనే తింటున్నాను. కానీ పీచు ఎక్కువగా ఉండటమనే వాటి మంచి గుణమే, కొత్తగా ఇలియోస్టమీ అయినవారికి కీడవుతుంది. పైగా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి, అవసరమైనంత శక్తి అందదు. పాలు మానితే, చక్కెర మానితే క్యాన్సర్ ఆకలితో చచ్చిపోతుందని చెప్పినవారూ ఉన్నారు. అలా మానినందువల్ల క్యాన్సర్ కన్నా ముందు మనిషి చిక్కిపోతాడు.

పేగు శస్త్రచికిత్సలన్నీ ఒకటి కావు. కుడివైపు పెద్దపేగుతో పాటు చిన్నపేగు చివరి భాగాన్ని కూడా తీసివేస్తే, విటమిన్ బి12ను, పైత్యరసపు లవణాలను తిరిగి పీల్చుకునే చోటు అదే కనుక, కొందరికి ఆ లవణాలు పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు అవుతాయి. తీసిన భాగం ఎక్కువైతే బి12 ఇంజెక్షన్లు కావాలి. మా బాబాయికి అలాగే జరిగింది. ఆయనకు పేగు మూసుకుపోయి పది రోజులు ఏమీ తినలేని స్థితిలో శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఇకనైనా కడుపునిండా పెట్టండి అని మేము అంటుంటే, వైద్యులు ముందు థయమిన్ అనే విటమిన్ బి1 ఇచ్చి, రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం రోజూ చూసుకుంటూ చాలా నెమ్మదిగా మొదలుపెట్టారు. ఎక్కువకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా ఆహారం అందితే ఆ లవణాలు రక్తంలోంచి కణాల్లోకి పోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నదట. రక్త పరీక్షలో అల్బుమిన్ అనే మాంసకృత్తి తక్కువ వచ్చిందని ప్రతి ఒక్కరూ గుడ్డు తెల్లసొన గురించి మాట్లాడతారు గానీ, శస్త్రచికిత్స తర్వాత ఒంట్లో వాపు, ఇన్ఫెక్షను ఉన్నా ఆ అంకె పడిపోతుంది, కాబట్టి అది ఒక్కటే చూసి తిండిని అంచనా వేయలేము. దానికన్నా వారానికోసారి తూచే బరువు, కుర్చీలోంచి చేయి ఊతం లేకుండా లేవగలుగుతున్నారా అన్నది ఎక్కువ చెబుతాయి. తిన్న మాంసకృత్తులు కండగా మారాలంటే నడక కావాలి. అమ్మ మొదట వరండాలో పది అడుగులతో మొదలుపెట్టింది.

నేను ఒక నోట్‌బుక్ పెట్టి, కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి కొని, తాగినది ఒక వైపు, సంచిలోంచి పోసినది ఒక వైపు, తిన్నది కింద రాయడం మొదలుపెట్టాను. ఐదు రోజుల్లో 2200 కాస్తా 900కు దిగింది. నాలుగు వారాలకు బరువు 52. పెద్దమ్మ మొదటి రెండు రోజులు ముఖం మాడ్చుకున్నది గానీ, కుట్లు ఆరి, చీము జాడ లేకపోవడం చూసి, పెసరపప్పు పలుచగా కాచడంలో తనకు సాటి ఎవరూ లేరని ఆ పని తానే తీసుకున్నది.

తర్వాత కీమో మొదలైంది. మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించి, మధ్యలో రెండు వారాలు కాపెసిటబిన్ మాత్రలు ఇచ్చారు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన తర్వాత కొన్ని రోజులపాటు చల్లనిది తగిలితే వేళ్లలో, గొంతులో ముళ్లు గుచ్చినట్టు ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ ఒక్క గుక్క తాగి అమ్మ ఊపిరి ఆడనట్టు గొంతు పట్టుకున్నది. అప్పటినుంచి పెరుగు కుండ బయటే ఉండేది. మాత్రలు భోజనం చేసిన అరగంటలోపు వేసుకోవాలి కనుక, ఆకలి లేని రోజున కూడా ఏదో ఒకటి తినక తప్పేది కాదు, అదొక మేలు. బలానికని మా మేనత్త తెచ్చిన ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రల డబ్బాను మాత్రం వైద్యులు పక్కన పెట్టించారు, ఎందుకంటే అది ఆ కీమో మందు దుష్ఫలితాలను పెంచగలదు. విటమినే కదా అని అడగకుండా వేసి ఉంటే ఏమయ్యేదో.

కీమో ముగిశాక ఇలియోస్టమీని మూసి పేగును మళ్లీ లోపల కలిపారు. కష్టాలు తీరాయనుకున్నాం గానీ, పురీషనాళంలో చాలా భాగం లేకపోవడం వల్ల మలాన్ని నిలువ ఉంచుకునే చోటు తగ్గి, రోజుకు పది పన్నెండు సార్లు, ఒక్కోసారి గంటలో నాలుగుసార్లు వెళ్లవలసి వచ్చేది. ఇంతకాలం వద్దన్న పీచు ఇప్పుడు మందయింది. రోజుకు ఒక చెంచా ఇసబ్‌గోల్ కొద్ది నీళ్లలో కలిపి తాగితే మలం కట్టుబడి, వెళ్లే సార్లు తగ్గాయి. రాత్రి భోజనం ఏడు లోపే, తక్కువగా. కారం, టీ, నూనె వేపుళ్లు ఏవి పడతాయో, ఏవి పడవో ఒక్కొక్కటిగా మొదలుపెట్టి మూడేసి రోజులు చూసుకున్నాం. ఇది ఎవరి పేగుకు వారి లెక్క, పక్కింటివారి పట్టిక పనికిరాదు. ఏడాది గడిచేసరికి రోజుకు నాలుగైదుసార్లకు వచ్చింది.

ఇప్పుడు అమ్మ బరువు 56 కిలోలు. పోయిన ఆషాఢంలో, అందరం వారించినా వినకుండా, గోంగూర పప్పు వండించుకొని తిన్నది. ఆ రాత్రి మూడుసార్లు లేచింది. పొద్దున నోట్‌బుక్ తీసి గోంగూర అని రాసి, పక్కన పడదు అని రాయబోతుంటే నా చేతిలోంచి కలం తీసుకొని, "పగటిపూట" అని తానే రాసింది.